ఉప్పుగూడ రాతి మీద బండి ఱ

మా అన్న కూతురు బుజ్జి ఎంబీబీఎస్ కోసం ఆర్మేనియా వెళ్లింది. వెళ్లిన మొదటి వారమే రాజధాని యెరెవాన్ నుంచి నాకు వాట్సాప్‌లో ఒక ఫొటో పంపింది. వీధి మలుపులో చిన్న కొట్టు, దాని నెత్తిన మూడక్షరాల బోర్డు. "బాబాయ్, ముప్పయ్యేళ్లుగా అక్షరాల మీదే బతుకుతున్నావు కదా, ఇది చదువు చూద్దాం" అని కింద రాసింది.

చిక్కడపల్లిలో నాది డీటీపీ సెంటరు. శుభలేఖలు, కరపత్రాలు, కోచింగ్ సెంటర్ల మెటీరియలు, దశదిన కర్మ కార్డులు. ఒత్తు ఎక్కడ జారినా నా కంట్లో నలుసు పడ్డట్టే ఉంటుంది. ఆ ధీమాతో "హెచ్, డబ్ల్యూ, జీ. ఏదో బ్యాంకు" అని జవాబిచ్చాను. నవ్వే బొమ్మలు అరడజను వచ్చాయి. అది బ్యాంకు కాదట, 'హాౘ' అట. అంటే రొట్టె. హెచ్‌లా కనిపించింది నిజంగానే హ, డబ్ల్యూలా ఉన్నది ఆ, జీలా ఉన్నది ౘ. అక్కడ భోజనం చేయడాన్ని 'రొట్టె తినడం' అంటారట, మనం అన్నం తిన్నావా అని అడిగినట్టే.

నిజం చెప్పాలంటే అప్పటిదాకా మా ఇంట్లో ఆర్మేనియా గురించి జరిగిన చర్చంతా ఫీజు గురించే. మా అన్న అయితే అడిగినవాళ్లందరికీ "రష్యా పక్కన" అని చెప్పేవాడు. మ్యాపు తీసి చూస్తే రష్యాతో సరిహద్దే లేదు. పైన జార్జియా, కుడివైపు అజర్‌బైజాన్, కింద ఇరాన్, ఎడమన టర్కీ. సముద్రం లేదు. దేశం మొత్తం మీద ఉన్నది సుమారు 30 లక్షల మంది. మన హైదరాబాద్‌లో ఒక మూలకి సరిపోతారు. ఇంకో సంగతి, వాళ్లు తమ దేశాన్ని ఆర్మేనియా అనరు, హయస్తాన్ అంటారు. తమని తాము 'హాయ్' అంటారు. బుజ్జి మొదటి రోజు ఎవరో "హాయ్" అన్నారనుకుని తిరిగి హాయ్ చెప్పిందట. వాళ్లు తమ జాతి గురించి మాట్లాడుకుంటున్నారు.

ఆ రొట్టెల బోర్డు నన్ను కాస్త పొడిచింది. ఒక రెండు వందల పేజీల లాంగ్ బుక్ కొని, రోజుకి మూడక్షరాల చొప్పున మొదలుపెట్టాను. రాత్రి షట్టర్ దించాక, టీ తాగుతూ.

ఆ అక్షరాలు ఎవరో కూర్చుని చేసినవి. క్రీ.శ. 405 ప్రాంతంలో మెస్రోప్ మష్తోత్స్ అనే సన్యాసి తయారుచేశాడు. అప్పటికే వాళ్లు క్రైస్తవాన్ని రాజమతం చేసుకుని వందేళ్లు దాటింది. సంప్రదాయంగా చెప్పే సంవత్సరం 301, అలా చేసిన మొదటి రాజ్యం తమదే అని చెప్పుకుంటారు. కానీ గుళ్లో చదివేది గ్రీకు, సిరియాక్. వినేవాడికి ముక్క అర్థమయ్యేది కాదు. అందుకని రాజు వ్రమ్‌షాపుహ్ అండతో మష్తోత్స్ 36 అక్షరాలు పోశాడు. బైబిల్ అనువాదం మొదలుపెట్టి వాటితో రాసిన తొలి వాక్యం సొలొమోను సామెతల నుంచి, జ్ఞానాన్ని తెలుసుకోవడం గురించి. మొదటి అక్షరం 'అ' దేవుడు అనే మాటకి మొదటక్షరం. చివరిది క్రీస్తు పేరుకి మొదటక్షరం. మధ్యయుగాల్లో ఇంకో రెండు, ఇరవయ్యో శతాబ్దంలో 'యెవ్' అనే జోడక్షరం చేరాయి. రాజధానికి వాయవ్యంగా, ఆరగాత్స్ కొండ వాలులో, 2005లో ఈ లిపికి 1600 ఏళ్లు నిండాయని 39 అక్షరాలను మనిషెత్తు రాళ్లుగా చెక్కి నిలబెట్టారు. బుజ్జి తన పేరులోని 'బ' పక్కన నిలబడి ఫొటో దిగింది. మన దగ్గర అక్షరానికి విగ్రహం పెట్టాలని ఎవరికీ తోచలేదు, విగ్రహాలకి కొదవేమీ లేకపోయినా.

వారం తిరిగేసరికి నాకు ఒక విషయం తట్టి ఒళ్లు జలదరించింది. ఇంగ్లీషువాడికి చుక్కలు చూపించే ఈ లిపి తెలుగువాడికి సగం తెలిసిందే. క, ఖ, గ. త, థ, ద. ప, ఫ, బ. మనకి వర్గానికి నాలుగుంటే వాళ్లకి మూడు, ఘ, ధ, భ ఉండవు, అంతే తేడా. ఇవి కాక చ వర్గం రెండు విధాలు. చీమలో చ ఒకటి, చాపలో ౘ ఒకటి. జీలకర్రలో జ ఒకటి, జల్లెడలో ౙ ఒకటి. మనం రెండింటికీ ఒకే అక్షరంతో సరిపెట్టుకుంటున్నాం. వాళ్లు వేర్వేరుగా రాస్తారు, పైగా ఊది పలికే ౘ ఇంకొకటి. మొత్తం వర్గానికి మూడు చొప్పున అయిదు వర్గాలు, పదిహేను అక్షరాలు. తెలుగులో లేని ఖ, గ గొంతు శబ్దాలు రెండున్నాయి, 'ఖబర్', 'గలత్' అని ఉర్దూవాళ్లు గొంతు గీరుతూ పలుకుతారే, అవి. హైదరాబాద్‌లో పుట్టి ఆటోల్లో తిరిగినవాడికి అవి ఎవరూ నేర్పక్కర్లేదు.

అన్నిటికంటే నన్ను కట్టిపడేసింది రెండు ర లు. ఒకటి మామూలు ర. ఇంకొకటి నాలుకని గట్టిగా ఆడించే ర. అంటే మన బండి ఱ! నేను కుర్రతనంలో లెటర్‌ప్రెస్‌లో పని నేర్చుకున్నప్పుడు సీసం అక్షరాల కేసులో బండి ఱ కి ఒక గడి ఉండేది. వాడే పని లేక ఎప్పుడూ నిండుగానే ఉండేది. మేస్త్రి దాన్ని 'పెన్షనర్ల గడి' అనేవాడు. ఆ పెన్షనర్ అక్కడ ఇంకా ఉద్యోగం చేస్తోంది.

తప్పులు బోలెడు చేశాను. యు లా ఉన్నది స. ఎన్ లా ఉన్నది ఒ, అది కూడా మాట మొదట్లో వస్తే 'వొ' అవుతుంది, మనవాళ్లు ఒకటిని వొకటి అన్నట్టు. 'ధన్యవాదాలు' కి 'ష్నొర్‌హకాలుత్యున్' అని పలకడానికి రెండు రోజులు కష్టపడి బుజ్జికి వాయిస్ మెసేజ్ పెట్టాను. "ఇక్కడ అందరూ 'మెర్సీ' అంటారు బాబాయ్" అంది చల్లగా. ఫ్రెంచి మాట. నా రెండు రోజులూ గోదాట్లో కలిశాయి.

బుజ్జి ఉండే ఇంటి ఓనరమ్మ రిటైరైన లెక్కల టీచరు. ఆవిడ నా చేతిరాత ఫొటోలు చూసి ఎర్ర పెన్నుతో దిద్ది పంపేది. పేరు చివర 'జాన్' చేర్చి పిలుస్తుంది, బుజ్జి జాన్ అని. పర్షియన్ నుంచి వాళ్లకీ మనకీ వచ్చిన జానే. మొదటిసారి ఫోన్‌లో విన్నప్పుడు చార్మినార్ దగ్గర గాజుల దుకాణంలో ఉన్నట్టనిపించింది. ఇంకో మాట కూడా ఆవిడ దగ్గరే విన్నాను, "ౘావద్ తానెమ్". నీ నొప్పి నేను తీసుకుపోతా అని అర్థం. పిల్లలతో, ఇష్టమైనవాళ్లతో ఊరికే అలా అంటారు. మా నాయనమ్మ మా చెంపలు నిమిరి తన కణతల మీద మెటికలు విరుచుకునేది గుర్తొచ్చింది. డాక్టరు చదువుకి వెళ్లిన పిల్ల ఆస్పత్రి వార్డులో మొదట పట్టుకున్న మాట అదేనట, ఎందుకంటే ముసలి పేషెంట్లు నొప్పితో మూలుగుతూ కూడా దీన్నే తిరిగి అంటారు.

అక్షరాలు వచ్చాక దేశం తలుపు తీసుకుంది. ఆ ఊళ్లో మతెనదరాన్ అనే తాళపత్ర భాండాగారం లాంటిది ఉంది, పుస్తకాలు మాత్రం తోలు మీద, కాగితం మీద. సుమారు 23 వేల రాతప్రతులు. అందులో ఒకటి ముష్ మఠంలోది, 1200కీ 1202కీ మధ్య రాసింది. బరువు దాదాపు 28 కిలోలు. పెద్ద బియ్యం బస్తా అంత. పేజీలు దూడ తోలు. 1915లో ఒట్టోమాన్ సామ్రాజ్యంలో ఆర్మేనియన్ల ఊచకోత జరుగుతున్నప్పుడు ఇద్దరు ఆడవాళ్లకి పాడుబడ్డ మఠంలో ఈ పుస్తకం కనబడింది. ఒక్కరు మోయలేరు. రెండు ముక్కలు చేసి చెరొకటి ఎత్తుకున్నారు. ఒకామె నడిచి నడిచి వాళ్ల చర్చికి ప్రధాన పీఠమైన ఎచ్మియాద్జిన్ చేరి తన సగాన్ని అప్పగించింది. రెండో ఆమె ఎర్జురుమ్ దగ్గర మఠం పెరట్లో తన వాటా పాతిపెట్టింది. అదీ తర్వాత బయటపడి మొదటిదానితో కలిసింది. ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని పారిపోయేవాళ్లు పద్నాలుగు కిలోల పుస్తకం మోయడం! పెళ్లి కార్డు ప్రూఫు చదవమంటే ఫోన్‌లో పంపించెయ్యి అనే కస్టమర్లతో వేగే నేను ఆ రోజు ఇంక పని చేయలేకపోయాను.

మిగతావి చకచకా చెబుతాను. యెరెవాన్ క్రీ.పూ. 782లో ఉరార్తు రాజు ఆర్గిష్తి కట్టించిన ఎరెబుని కోటతో మొదలైంది, రోము పుట్టిందని చెప్పే ఏడుకంటే 29 ఏళ్లు ముందు. ఊరంతా గులాబీరంగు అగ్నిపర్వతపు రాయితో కట్టారు. లవాష్ అనే పల్చటి రొట్టెని 'తొనిర్' లో కాలుస్తారు, అది మన తందూరే, భూమిలో పాతింది. బడిలో 2011 నుంచి చదరంగం తప్పనిసరి. వాళ్ల ఆరాధ్య పర్వతం అరరాత్ 5,137 మీటర్లు, రాజముద్ర మీద కూడా ఉంటుంది, బుజ్జి కిటికీలోంచి తెల్లగా కనబడుతుంది, కానీ అది సరిహద్దు అవతల టర్కీలో ఉంది. రోజూ చూస్తూ కూడా నడిచి వెళ్లలేని కొండ. నోవహు ఓడ ఆగింది అక్కడేనని నమ్మకం. ఈ ఓడ సంగతి గుర్తుపెట్టుకోండి.

మద్రాసు సంగతి ఇంకా పెద్ద దెబ్బ. కుర్రతనంలో పెళ్లి కార్డుల మాలుకి నెలకోసారి ప్యారీస్ కార్నర్ దగ్గర ఆండర్సన్ స్ట్రీట్‌కి పోయేవాణ్ని. ఆ దగ్గర్లోనే ఆర్మేనియన్ స్ట్రీట్. ఎన్నిసార్లు కట్టలు నెత్తిన పెట్టుకుని దాటానో లెక్కలేదు. ఆ వీధిలో 1772 నాటి చర్చి ఉంది. ప్రపంచంలో మొట్టమొదటి ఆర్మేనియన్ పత్రిక 'అజ్దరార్' అచ్చయింది యెరెవాన్‌లో కాదు, మద్రాసులో, 1794లో. నడిపింది హరుత్యున్ ష్మవోన్యన్ అనే ఫాదరు. ఆ పత్రిక పుట్టిన ఊళ్లోనే నేను గ్రాముల లెక్కన కార్డులు బేరమాడాను.

ఆ పత్రిక గురించి చదువుతుంటేనే పక్క వాక్యంలో హైదరాబాద్ పేరు కనబడింది. ఉప్పుగూడలో ఆర్మేనియన్ సమాధులున్నాయట, 17వ శతాబ్దం నాటివి. నేను పుట్టి పెరిగిన ఊరు. ఉప్పుగూడ స్టేషన్ ఫలక్‌నుమా ఎంఎంటీఎస్‌లో వందసార్లు దాటినది.

వాళ్లు ఇక్కడికెందుకొచ్చారంటే, మొదట వాళ్లని కదిలించింది ఇరాన్ రాజు షా అబ్బాస్. 1604–05లో జుల్ఫా ఊరు ఊరంతా లేపి తన రాజధాని ఇస్ఫహాన్ పక్కన కొత్త జుల్ఫాలో కూర్చోబెట్టాడు. చేతిలో వ్యాపారం ఉన్నవాళ్లు. పట్టు అమ్ముతూ యూరపు నుంచి తూర్పు దాకా పాకారు. ఇటు గోల్కొండ కుతుబ్ షాహీలకి ఇరాన్‌తో చుట్టరికంలాంటి స్నేహం, కొల్లూరులో వజ్రాలు, మచిలీపట్నంలో కలంకారీ బట్టలు, రేవు. రాకేం చేస్తారు?

ఆదివారం కాచిగూడలో రైలెక్కి దిగాను. "ఆర్మేనియన్" అంటే ఎవరికీ అర్థం కాలేదు. "పురానా కబ్రస్తాన్" అంటే నాలుగు దిక్కులు చూపించారు. చివరికి పాన్ డబ్బా ముసలాయన "గోరోంకా హై, ఉధర్" అని దారి చెప్పాడు. సంచిలో ముగ్గుపిండి తెచ్చుకున్నాను, గీతల్లో చల్లితే కనబడతాయని. చల్లలేదు. పాత రాతి మీద ఏదీ రుద్దకూడదని ఎక్కడో చదివింది సరిగ్గా అప్పుడే గుర్తొచ్చింది. మిట్టమధ్యాహ్నం, నెత్తిన ఎండ, రాయి పలకలా తెల్లగా మెరుస్తోంది. ఒక్క గీత ఆనలేదు. పక్కింటామె మేడ మీద బట్టలారేస్తూ, "ఏం జూస్తున్నరన్నా, మీ పెద్దలా?" అని అడిగింది. కాదమ్మా అన్నాను.

రెండోసారి సాయంత్రం అయిదింటికి వెళ్లాను, చిన్న టార్చి పట్టుకుని. అదే కిటుకు. టార్చిని రాయికి ఆనించి పక్కనుంచి వెలుగు పారిస్తే చెక్కిన ప్రతి గీతకీ నీడ పడుతుంది. అరిగిపోయిన రాయి ఉన్నట్టుండి మాట్లాడటం మొదలెడుతుంది. అయినా గంటసేపు ఏమీ అంతుబట్టలేదు, ఎందుకంటే జాగా కలిసిరావాలని అక్షరాల్ని ఒకదాని కాడకి ఇంకొకటి అతికించి చెక్కుతారు. జోడక్షరాలు. క్ష, జ్ఞ లు చూసిన కన్ను కనుక చివరికి విడదీసింది. మొదటి మాటలు: 'అయ్‌స్ ఏ తపన్'.

అయ్‌స్ అంటే ఇది. ఏ అంటే ఇంగ్లీషులో 'ఈజ్' లాంటిది. తపన్ కి ఫోన్‌లో వెతికితే 'ఓడ' అని వచ్చింది, నోవహు ఓడ. ఇది ఓడ. ఉప్పుగూడలో! రైలు పట్టాల పక్కన గడ్డిలో గొంతుక్కూర్చుని చాలాసేపు తికమకపడ్డాను. బుజ్జికి ఫోన్ చేస్తే ఓనరమ్మని అడిగి చెప్పింది: ఆ మాటకి సమాధి అని కూడా అర్థముంది. 'ఇది ఫలానావారి సమాధి' అని మొదలుపెట్టడం వాళ్ల ఆనవాయితీ. పేరున్న చోట మాత్రం ఎవరో ఎప్పుడో సిమెంటు పూశారు. ఆ ఫలానావారు ఎవరో ఇక తెలియదు.

మిగిలింది సంవత్సరం. వాళ్ల పాత రాతల్లో అంకెలుండవు, అక్షరాలే అంకెలు. మనకి కటపయాది ఉన్నట్టు, కానీ అంతకంటే సులువు. 36 అక్షరాల్ని తొమ్మిది చొప్పున నాలుగు వరసలు రాయండి. మొదటి వరస ఒకట్లు, రెండోది పదులు, మూడోది వందలు, నాలుగోది వేలు. వచ్చిన మొత్తానికి 551 కలిపితే మన సంవత్సరం, శాలివాహన శకానికి 78 కలుపుకున్నట్టు. నేను ఉత్సాహంగా కూడేసరికి నాలుగువేల చిల్లర వచ్చింది. 551 కలిపితే ఆ మనిషి ఇంకా పుట్టను కూడా లేదు! ఓనరమ్మ లెక్కల టీచరు కదా, కాగితం మీద మొదటి రెండక్షరాలు కొట్టేసి పంపింది. ఆ 'థ', 'వ' లు అంకెలు కావు, 'సంవత్సరంలో' అనే మాటకి పొడి అక్షరాలు. నేను వాటిని తొమ్మిది, మూడువేలుగా కలిపేశాను.

వాటి తర్వాత అసలు తేదీ మొదలవుతుంది. మొదటి అక్షరం గుమ్మంలా వంగి, కుడికాలు పక్కకి చాచి ఉంది. నాలుగో వరసలో మొదటిది. వెయ్యి. అదే బండి ఱ! నా పెన్షనరు. దాని పక్కన వంద. మూడోది దగ్గర ఆగిపోయాను. ఇరవైకీ నలభైకీ అక్షరాలు అన్నదమ్ముల్లా ఉంటాయి, నలభైకి ఒక వంపు ఎక్కువ. సరిగ్గా ఆ వంపు ఉండాల్సిన చోట రాయి పెచ్చు లేచింది. ఇరవై అయితే 1120, అంటే 1671. నలభై అయితే 1140, అంటే 1691. మధ్యలో 1687 ఉంది, ఔరంగజేబుకి గోల్కొండ పడిపోయిన ఏడు. ఒక వంపు ఉందా లేదా అన్నదాన్ని బట్టి ఈ మనిషి అబ్దుల్లా కుతుబ్ షా రోజుల్లో వజ్రాల బేరాల మధ్య పోయాడో, కోట పడిపోయి మొఘలుల చేతికొచ్చిన ఊళ్లో పోయాడో తేలుతుంది.

పక్కన క్రికెట్ ఆడుతున్న పిల్లాడు బంతి కోసం వచ్చి నా టార్చి వెలుగులోకి తొంగిచూశాడు. "క్యా లిఖా హై అంకుల్?" సంవత్సరం అన్నాను, ఈ ఒక్క అక్షరం తేలడం లేదన్నాను. వాడు చూపుడువేలు పెచ్చు లేచిన చోట పెట్టి మెల్లగా జరిపాడు. "ఇధర్ భీ లకీర్ హై. మోటీ ఉంగ్లీ సే నై మిల్తీ" అని నవ్వాడు. నేనూ పెట్టి చూశాను. ముప్పయ్యేళ్ల కీబోర్డు వేలికి రాయి గరుకు తప్ప ఏమీ తెలియలేదు.

ఇంటికొచ్చి ఫైల్లో 1691 అని కొట్టి పక్కన ప్రశ్నార్థకం పెట్టాను. ఫొటో చూసిన ఓనరమ్మ మాత్రం 1671 అంటోంది, ఎర్ర పెన్నుతో.